ఏటికొప్పాక కర్ర – కుర్సురా కొలత

పిల్లలూ! అనకాపల్లి జిల్లాలో, వరాహనది పక్కన, ఏటికొప్పాక అనే ఊరున్నది. అక్కడి పనివారు అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్క రంగులు పూసి బొమ్మలు చేస్తారు. గుండ్రని వస్తువులకు ఆ పని చక్కగా కుదురుతుంది.

మరి, ఆ కర్రతో జలాంతర్గామిని చేయాలంటే? ముందు అసలుదానిని చూడాలి. విశాఖపట్నం సముద్రతీరాన ‘కుర్సురా’ ఉన్నది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో కాపలా తిరిగి, 2001లో విశ్రమించింది. 2002 నుండి ప్రదర్శనశాల అయింది.

దాని పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. 300వ వంతుకు తగ్గిస్తే బొమ్మ పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు రెండున్నర. అంటే పొడుగాటి సన్నని కడ్డీ! ఊహ మీద చేస్తే పొట్ట లావైపోతుంది. తోకకు ఒక్క మరచక్రమే పెట్టేస్తాం. నిజానికి అవి మూడు. టార్పెడో గొట్టాలు ముందు ఆరు, వెనుక నాలుగు.

ఆ ఇరుకులో 75 మంది నివసించేవారు. కొలత తప్పితే వారు పడిన కష్టం బొమ్మలో కనబడదు. కనుక, ముందు చూడండి, లెక్కపెట్టండి, రాసుకోండి. ఉలి ఆ తరువాత పట్టవచ్చు!