సీమంతం దాకా ఆగొద్దు

మా మార్కాపురం వైపు పసివాడిలో ఏ లోపం కనిపించినా మొదటి ప్రశ్న తల్లికే: ‘‘కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావే?’’ మా బాబుకి ఒక వృషణం కిందికి దిగలేదని డాక్టర్ చెప్పగానే మా ఆవిడకూ అదే ఎదురైంది. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి నలుగురికి ఇలా ఉంటుందట. చాలామందికి ఆరు నెలల్లోపు అదే దిగుతుంది. దిగకుంటే ఏడాది, ఏడాదిన్నరలోపు చిన్న ఆపరేషన్. వదిలేస్తే పెద్దయ్యాక సంతానానికి ఇబ్బంది, క్యాన్సర్ ముప్పు. మావాడికి తొమ్మిదో నెలలో ఆపరేషన్ చేయించాం, బాగున్నాడు. ఫలానా వల్లే వచ్చిందని మాత్రం ఏ డాక్టరూ అనలేదు.

కారణం వెతకడం నా ఉద్యోగంలో అలవాటైన పని. అందుకే చదివాను.

ఎనిమిదో వారం దగ్గర మగ పిండంలోని లేడిగ్ కణాలు టెస్టోస్టెరాన్ తయారీ మొదలుపెడతాయి. వృషణాలు సంచిలోకి దిగేది ఏడో నెల తర్వాతే అయినా, మగ అవయవాలకు పునాది పడేది సుమారు 8 నుంచి 14 వారాల మధ్యే. తల్లి ఆందోళన పడితే ఆమె రక్తంలో కార్టిసాల్ పెరుగుతుంది. అది మోతాదు మించితే లేడిగ్ కణాల పని మందగిస్తుంది. అందుకే మాయలో ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది. వచ్చిన కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని పనిచేయని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. మా భాషలో ఫైర్‌వాల్ అన్నమాట.

1972లో అమెరికాలో ఇంగెబోర్గ్ వార్డ్ అనే శాస్త్రవేత్త చూలు ఎలుకలను కదలనీయకుండా బంధించి, గట్టి వెలుతురు కింద ఉంచారు. వాటికి పుట్టిన మగవాటిలో చాలా వరకు పెద్దయ్యాక మామూలుగా జతకట్టలేకపోయాయి. మనిషి ఎలుక కాదు, నిజమే. కానీ ఆ తల్లి ఎలుక తనంతట తాను ఆందోళన తెచ్చుకోలేదు. ఎవరో బంధించారు.

1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్ల కోసం మా పశ్చిమ ప్రకాశంలో ఒక తరం ఎదురుచూసింది. గిద్దలూరు దగ్గర మా మేనత్త వాళ్ల ఊళ్లో ఎండాకాలం ఒక కోడలిని చూశాను. మూడో నెల. మొగుడు హైదరాబాద్‌లో మేస్త్రీ పనిలో ఉన్నాడు. ట్యాంకర్ దగ్గర తోపులాటలో రెండు బిందెలు పట్టుకుని నిలబడింది. ‘‘ఇంకా ఎవరికీ చెప్పలేదన్నా, దిష్టి తగులుతుందని అత్త వద్దంది’’ అంది.

మన పద్ధతే అంత. మూడు నెలలు దాస్తాం. సీమంతానికి గాజులు తొడిగి, ఆ తర్వాత బరువులు ఎత్తొద్దంటాం. లోపల అసలు పని జరిగేది ఆ దాచిన రోజుల్లో. ఊరందరికీ చెప్పక్కర్లేదు, ఇంట్లోవాళ్లకు తెలిస్తే చాలు. ‘ఏం తిన్నావే’ అని తర్వాత అడిగే బదులు, నెల తప్పిన రోజు నుంచే ఆ బిందె ఇంకొకరు అందుకోవాలి.