చివరి వంద మీటర్లు

దేశంలో శంకుస్థాపన చేసిన చేతులే ప్రారంభోత్సవం కూడా చేయడం అరుదు. అండమాన్ విషయంలో ఆ అరుదైన ఘట్టం సంభవించింది. 2018 డిసెంబర్ 30న పోర్ట్ బ్లెయిర్‌లో ప్రధాని నరేంద్ర మోదీ సముద్రగర్భ కేబుల్‌కు పునాదిరాయి వేశారు. రెండేళ్ళు నిండకముందే, 2020 ఆగస్టు 10న, కరోనా కాలంలో ఢిల్లీ నుంచే వీడియో ద్వారా దాన్ని జాతికి అంకితం చేశారు. చెన్నై తీరం నుంచి బంగాళాఖాతం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల ఫైబర్ పరుచుకుంది. అయిన ఖర్చు సుమారు 1,224 కోట్ల రూపాయలు. ఇవాళ శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లకు ఆ తీగ చేరింది. ఈ ఘనతను ప్రభుత్వ విమర్శకులు సైతం కాదనలేరు.

అయితే సముద్రాన్ని దాటిన తీగ వీధిని కూడా దాటిందా అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్న అడగడానికి రంగత్‌ను మించిన చోటు లేదు.

మధ్య అండమాన్‌లో, రాజధానికి రోడ్డు మార్గాన సుమారు 170 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్టణం రంగత్. అక్కడికి వెళ్ళే రహదారి జరావా ఆదివాసుల రక్షిత ప్రాంతం మీదుగా సాగుతుంది. వాహనాలు నిర్ణీత వేళల్లో, పోలీసు రక్షణతో బారులు తీరి కదలాలి. దారిలో సముద్రపు పాయను పడవ మీద దాటాలి. దేశవిభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ ప్రాంతంలో అధికం. వారితో పాటు తమిళులు, మలయాళీలు, తెలుగువారు ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగు. వారిలో ఎక్కువమంది పెద్దలు ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్ళినవారే.

కేబుల్ రాకముందు ఈ దీవులకు బయటి ప్రపంచంతో ఉన్న బంధం ఉపగ్రహమే. ఉన్న కొద్దిపాటి సామర్థ్యాన్ని బ్యాంకులు, కార్యాలయాలు, ఫోన్లు, ఇళ్ళు పంచుకోవలసి వచ్చేది. సముద్రగర్భ కేబుల్ వేయక తప్పదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 జూలైలోనే సిఫారసు చేసింది. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌కు సెకనుకు 400 గిగాబిట్లు, రంగత్ వంటి దీవుల కేంద్రాలకు 200 గిగాబిట్ల సామర్థ్యం ఉందని ప్రభుత్వం ప్రకటించింది. చెరువు నిండింది. ఇక మిగిలింది పంటకాలువ. ఆ కాలువ ఆఖరి మడిలోకి తెరుచుకునే తూము పేరే వైర్‌లెస్ యాక్సెస్ పాయింట్. గోడకో, కప్పుకో బిగించే అరచేయంత తెల్లని పెట్టె అది. తీగ ద్వారా వచ్చిన ఇంటర్‌నెట్‌ను గాలిలోకి విడుస్తుంది, గాలిలో వచ్చే ఫోన్ల మాటను తిరిగి తీగకు అందిస్తుంది.

దాన్ని బిగించడం గంట పని అని చెప్పేవారు సత్యమే చెబుతారు. కానీ ఆ గంటలో తీసుకునే ప్రతి నిర్ణయం వెనుకా ఒక పాలనా ప్రశ్న దాగి ఉంది.

మొదటిది, ఎక్కడ బిగించాలి? సంకేతం గోడలకు లొంగుతుంది, రేకుల కప్పుకు తగిలి వెనక్కి మళ్ళుతుంది, వానకు తడిసిన ఆకుల గుబురులో బలహీనపడుతుంది. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే దీవుల్లో ఇది చిన్న విషయం కాదు. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం దూరం వెళుతుంది కానీ వేగం తక్కువ. 5 గిగాహెర్ట్‌జ్ తరంగం వేగవంతమైనదే కానీ రెండు గోడలు అడ్డొస్తే అలసిపోతుంది. కాబట్టి పెట్టె ఎత్తుగా, జనం కూడే చోటుకు ఎదురుగా, కంటికి కనబడేలా ఉండాలి. ప్రభుత్వ కార్యాలయాల్లో అది సాధారణంగా అధికారి గదిలో, బీరువా మీద ఉంటుంది. గదికి తాళం పడగానే వరండాలో నిలుచున్న పౌరుడి ఫోనులో గీతలు మాయమవుతాయి. బిగించిన చోటును బట్టే అది ఎవరి కోసం బిగించారో తెలిసిపోతుంది.

రెండవది, దానికి విద్యుత్తు ఎక్కడిది? ఒకే నెట్‌వర్క్ తీగ ద్వారా విద్యుత్తును, సమాచారాన్ని కలిపి పంపే పద్ధతి ఉంది. ఆ తీగ పొడవు వంద మీటర్లు దాటకూడదు. దాటితే మధ్యలో మరో పరికరం పెట్టాలి. అండమాన్‌లో ఇప్పటికీ విద్యుత్తుకు ప్రధాన ఆధారం ఓడల్లో వచ్చే డీజిలే. కరెంటు పోయినప్పుడు పెట్టెతో పాటు దానికి వెనుక ఉన్న మోడెమ్, స్విచ్ కూడా బతికి ఉండాలంటే ఆ మూడింటికీ బ్యాటరీ కావాలి. ఒక్క పెట్టెకే బ్యాటరీ పెట్టి చేతులు దులుపుకుంటే, ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనబడుతుంది, ఒక్క పుట కూడా తెరుచుకోదు. ఆరుబయట బిగిస్తే వాననీరు చొరబడని కవచం, పిడుగును నేలకు దించే ఎర్తింగ్ తప్పనిసరి. ఉప్పుగాలికి తీగల కొసల్లోని లోహం చిలుమెక్కుతుంది కనుక వాటిని కొన్ని నెలలకొకసారి విప్పి చూడాలి. ఇవన్నీ టెండర్ పత్రాల్లో ఒక్క వరుస కూడా ఆక్రమించని పనులు.

మూడవది, అమరిక. పెట్టెతో పాటు వచ్చే పాస్‌వర్డ్‌ను తొలి నిమిషంలోనే మార్చాలి. అది ప్రపంచమంతా తెలిసిన తాళంచెవి. ఇంటర్‌నెట్ తెచ్చే రౌటర్ అప్పటికే ఫోన్లకు చిరునామాలు పంచుతుంటే, కొత్త పెట్టెలో ఆ పనిని ఆపివేయాలి. ఒకే ఊరికి ఇద్దరు కరణాలు పట్టాలు రాసిచ్చినట్టు ఇద్దరూ చిరునామాలు పంచితే ఎవరి ఉత్తరమూ ఎవరికీ చేరదు. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో 1, 6, 11 ఛానళ్ళు మాత్రమే ఒకదానినొకటి ఒరుసుకోవు, కనుక పక్క దుకాణం దేన్ని వాడుతోందో చూసి మరొకటి ఎంచుకోవాలి. ఇక చాలామంది చేసే పని, పెట్టె శక్తిని గరిష్ఠానికి పెంచడం. దానివల్ల ఫోనుకు పెట్టె మాట దూరం నుంచే వినిపిస్తుంది గానీ, ఫోను మాట పెట్టెకు వినబడదు. ఫోనులోని చిన్న యాంటెనా అంత గట్టిగా అరవలేదు. పై నుంచి ఎంత బిగ్గరగా మాట్లాడినా, కింది గొంతు వినలేని చోట సంభాషణ సాగదు. ఈ సూత్రం ఒక్క వైఫైకే పరిమితం కాదని రాజకీయాలు తెలిసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

నాలుగవది, భద్రత. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు ముందు ఉగ్రవాదులు పంపిన ఈమెయిల్ నవీ ముంబైలో తాళం లేని ఒక వైఫై నుంచి వెళ్ళింది. దాని యజమాని అయిన అమెరికా దేశస్థుడు పోలీసుల ప్రశ్నలను ఎదుర్కోవలసి వచ్చింది. ఆ తరువాత 2009లో టెలికాం శాఖ వైఫై వాడకందారుల గుర్తింపును తప్పనిసరి చేసింది. ఆ జాగ్రత్త సమంజసమే. కానీ గుర్తింపు కోసం ఫోనుకు ఓటీపీ వస్తుంది, ఓటీపీ రావాలంటే మొబైల్ సిగ్నల్ కావాలి. సిగ్నల్ సరిగా లేనందుకే వైఫై వద్దకు వచ్చినవాడిని సిగ్నల్ తెచ్చుకొమ్మని అడగడం దీవుల వాస్తవానికి పొసగదు. ఇలాంటి చోట్ల పంచాయతీ కార్యాలయంలో గుర్తింపు పత్రం చూపి ముందుగానే కూపన్ తీసుకునే ఏర్పాటు ఉండాలి. లాగిన్ పుట హిందీ, ఆంగ్లాలతో పాటు బెంగాలీ, తమిళం, తెలుగులోనూ కనబడాలి.

ఈ నాలుగు ప్రశ్నలకూ ప్రభుత్వం వద్ద సమాధానం ఉన్నట్టే కనిపిస్తుంది. 2018 నాటి జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం 2022 కల్లా దేశంలో కోటి పబ్లిక్ వైఫై కేంద్రాలు వస్తాయని చెప్పింది. 2020 డిసెంబర్ 9న కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. టీకొట్టు, కిరాణా దుకాణం, ఎవరైనా సరే, లైసెన్సు లేకుండా, రుసుము లేకుండా తమ దుకాణంలో పెట్టె బిగించుకొని చుట్టుపక్కల వారికి ఇంటర్‌నెట్ అమ్ముకోవచ్చు. ఆలోచన గొప్పది. ఎస్‌టీడీ బూత్‌లు నడిపిన తరానికి ఇది సులువుగానే అర్థమవుతుంది. కానీ 2022 గడిచినా ఆ కోటి దరిదాపుల్లోకి దేశం చేరలేదు. ఇళ్ళకు చవగ్గా ఇచ్చే కనెక్షన్‌ను దుకాణదారుకు ఇవ్వడానికి టెలికాం కంపెనీలు ఇష్టపడకపోవడం, అనేక రెట్లు ఖరీదైన లీజు లైన్ తీసుకోమనడం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఇంటి ధరకు రెట్టింపు మించి దుకాణదారుల వద్ద వసూలు చేయరాదని, 200 ఎంబీపీఎస్ లోపు కనెక్షన్లకు ట్రాయ్ 2025 జూన్‌లో గానీ ఉత్తర్వు ఇవ్వలేదు. పథకానికి, దాన్ని సాధ్యం చేసే ధరకు నడుమ నాలుగున్నరేళ్ళు గడిచాయి.

మొబైల్ డేటా ఇంత చవకైనప్పుడు పబ్లిక్ వైఫై ఎందుకన్న వాదన ఉంది. రైల్వే స్టేషన్లలో ఉచిత వైఫై నడిపిన గూగుల్ 2020లో సరిగ్గా ఈ కారణమే చెప్పి తప్పుకుంది. కానీ ఆ వైఫైతోనే చదువుకొని ఎర్నాకులం స్టేషన్‌లోని ఒక రైల్వే కూలీ కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాతపరీక్షలో నెగ్గాడన్న వార్త 2018లో దేశమంతా చదివింది. రోజువారీ డేటా పరిమితి వినోదానికి సరిపోవచ్చు, గంటల తరబడి పాఠాలకు సరిపోదు. పైగా అండమాన్‌లో రైలే లేదు, రైల్వే స్టేషన్ వైఫై అసలే లేదు. 2004 డిసెంబర్ 26న సునామీ తాకిన ఈ తీరంలో వాతావరణ హెచ్చరిక అందుకోవడానికి ఒకే మార్గం మీద ఆధారపడటం వివేకం అనిపించుకోదు. జెట్టీలో, ఆస్పత్రిలో, పాఠశాలలో, బస్టాండులో బ్యాటరీతో నడిచే ఒక్కో పెట్టె ఉంటే అది విలాసం కాదు, రెండో దారి.

ఇంటర్‌నెట్ ద్వారా భావ ప్రకటనకు, వృత్తి వ్యాపారాలకు రాజ్యాంగ రక్షణ ఉందని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. ఇంటర్‌నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు అంతకు ముందు ఏడాదే అన్నది. హక్కును కోర్టు ప్రకటించగలదు, కానీ కాలిపోయిన అడాప్టర్‌ను మార్చలేదు. ఆ పని ఎవరిదని అడగడానికి రంగత్ పౌరుడికి ఉన్న వేదికలు పరిమితం. అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. లోక్‌సభలో ఒక్క స్థానం ఉంది. పాలన లెఫ్టినెంట్ గవర్నర్ చేతిలో, అంతిమంగా ఢిల్లీలో ఉంది. పాడైన పెట్టె గురించి ఫిర్యాదు అదే తీగ మీద చెన్నై వరకు ఈదగలదు గానీ, బాగుచేసే మనిషి మాత్రం బారులు తీరిన వాహనాల వెంట, పడవ దాటి రావాలి.

అందుకే రంగత్‌కు కావలసింది మరో ప్రారంభోత్సవం కాదు. పంచాయతీ సమితి చేతికి కొద్దిపాటి నిర్వహణ నిధి, ఊరిలోనే శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురు యువకులు, అక్కడి అలమరలోనే సిద్ధంగా నాలుగు అదనపు పెట్టెలు, ఏ పెట్టె నెలలో ఎన్ని గంటలు పనిచేసిందో నోటీసు బోర్డు మీద అతికించే అలవాటు. కేబుల్ ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాని మొత్తం. సముద్రం అడుగున 2,300 కిలోమీటర్లు వేయగలిగిన రాజ్యానికి బస్టాండు గోడ వరకు వంద మీటర్లు వేయడం చేతకాదని ఎవరూ నమ్మరు. ఆ వంద మీటర్ల చివర ఎవరున్నారో రాజ్యం పట్టించుకుంటుందా అన్నది మాత్రమే తేలవలసి ఉంది.