ఆన్ ఆర్బరులో మా చెల్లెలు

దూరదేశమున చదువుకొను మన పిల్లలు ఆదివారమున ఫోనులో “కుశలమే” యందురు. మనమును ఆ మాటతో తృప్తి నొందుదుము. ఆ యొక్క మాటలో నెంత దాగియుండునో, 2023 ఏప్రిలు నెలాఖరున మా చెల్లెలి స్నాతకోత్సవమునకు అమెరికా వెళ్లినపుడు గాని నాకు తెలియలేదు. మా యమ్మకు మోకాళ్ల నొప్పి; మా వారికి బడిలో పరీక్షల దినములు. చెల్లెలే టిక్కెట్టు పంపుటచే నేనొక్కతెనే బయలుదేరితిని.

డెట్రాయిటు విమానాశ్రయము నుండి పడమరగా కారులో అరగంట పోయినచో ఆన్ ఆర్బరు వచ్చును. హ్యూరన్ నది యొడ్డుననున్న చిన్న పట్టణమది. మిషిగన్ విశ్వవిద్యాలయము 1817లో డెట్రాయిటున పుట్టి, 1837లో ఇచ్చటికి తరలివచ్చినది. ప్రాకారము లేదు, సింహద్వారము లేదు, ఊరి వీధులే విద్యాలయము నడుమనుండి పోవుచున్నవి. డయాగ్ అను మైదానమున నేలలో ఇత్తడి ‘ఎమ్’ అక్షరమొకటి పొదిగియున్నది. మొదటి పరీక్షకు ముందు దానిని త్రొక్కినవారు ఆ పరీక్ష తప్పుదురని విద్యార్థుల నమ్మకమట! శకునములు మనకే యున్నవని నవ్వువారు దీనిని చూడవలెను.

ఇచ్చట 1870 వఱకు స్త్రీలకు ప్రవేశము లేదు. 1915లో కట్టిన మార్తా కుక్ స్త్రీల వసతిగృహమును చెల్లెలు నాకు చూపినది. తలశ్శేరిలో జన్మించి, మద్రాసున స్త్రీల కళాశాలలో బోధించుచుండిన జానకి అమ్మాళ్ 1924లో బార్బరు విద్యార్థివేతనముతో ఈ యూరికి వచ్చి, ఆ గృహముననే నివసించెను. 1931లో ఇచ్చటనే డాక్టరు పట్టమంది, పిదప కోయంబత్తూరున చెఱకు వంగడములపై కృషి చేసెను. జాబు చేరుటకే వారములు పట్టు ఆ కాలమున ఆమె యింటికి ఏమని వ్రాసెనో యనుకొంటిని.

మధ్యాహ్నము విద్యార్థుల భోజనశాలకు పోయితిమి. “అక్కా, నేనిచ్చట పళ్లెములు కడిగితిని” అని చెల్లెలు మెల్లగా చెప్పినది. పరదేశ విద్యార్థులు చదువు సాగు దినములలో వారమునకు ఇరువది గంటలు మించకుండ విద్యాలయపు టావరణలోనే పని చేయవచ్చునట. ఇంట తన కంచము తాను తీయుమన్న తగవులాడిన పిల్ల! నా కన్నులు చెమర్చినవి. కాని కచుడు శుక్రాచార్యుని యింట పశువులను కాచియే గదా విద్య గడించెను! మనకు కథలో ఘనమైనది కన్నబిడ్డయందు చిన్నతన మెట్లగును?

మొదటి యేడు ముగిసిన పిదప వేసవి మూడు మాసములు ఏదేని సంస్థలో పని నేర్చుట అచ్చటి ఆచారము. దానిని ఇంటర్న్‌షిప్పు అందురు. పరదేశీయులు దానికై విద్యాలయపు అనుమతిని ఐ-20 అను పత్రమున వ్రాయించుకొనవలెను. 2022 శీతకాలమంతయు ఆమె అర్జీలు పంపుచునే యుండెనట. పెక్కుచోట్లనుండి బదులే రాలేదు. ఒక సంస్థవారు మూడు మాఱులు ప్రశ్నించిన పిమ్మట పరదేశీయులను తీసికొనమనిరట. ఆ సాయంకాలము బస్సు దిగి, మంచులో నిలిచి, అమ్మకు ఫోను చేసి “కుశలమే” యని చెప్పినదట.

తుదకు మోటారుకార్ల బ్యాటరీలు చేయు సంస్థ యొకటి పిలిచినది. బ్యాటరీ వేడెక్కు తీరును లెక్కగట్టుట ఆమె పని. మొదటి వారము సభలలో నోరు విప్పలేదట. లెక్కకును కొలతకును పొంతన కుదరకున్న నొక వృద్ధ పనివాడు ఆమెను యంత్రము కడకు గొనిపోయి, “కాగితమును విడిచి దీనిని చూడు” మనెను. చూడగా, వేడిని కొలుచు తీగె ఉండవలసిన చోట లేదు. మరునాడు సభలో ఆ మాట తానే చెప్పినది. “అక్కా, నా గొంతు నాకే క్రొత్తగా వినబడినది” అని నవ్వినది.

ఆ జీతములో సగము బ్యాంకి అప్పునకు పంపినది. మిగిలినదానిలో నా టిక్కెట్టు కొన్నదని అప్పుడే తెలిసినది. నేను మరలివచ్చునాటికి ఆమెకు ఉద్యోగము కుదరలేదు. చదువు తరువాత పని చేయుటకిచ్చు గడువులో మొత్తము 90 దినములకు మించి ఊరకుండరాదను నియమమొకటి తలపై నుండెను.

ఇంటికి వచ్చి అమ్మతో అంతయు చెప్పితిని. ఆ యాదివారము అమ్మ “భోజనమైనదా?” యని అడుగలేదు, “ఈ వారము నీకు కష్టమైనదేమమ్మా? కుదరకున్న మన యిల్లు ఉన్నది, వచ్చివేయుము” అనినది. చెల్లెలు చాలసేపు ఏడ్చి, పిదప పప్పుచారు చేయు విధమడిగినది. ఉద్యోగము జూలైలో కుదిరినది. సోదరీమణులారా! మీ బిడ్డ “కుశలమే” యనినచో, ఇంకొక ప్రశ్న అడుగుడు.