బెజ్జంకి బాటలు

బెజ్జంకి పూర్వము కరీంనగరు జిల్లాలోని గ్రామము. 2016వ సంవత్సరమున సిద్దిపేట జిల్లా యేర్పడినప్పుడు దానిలో జేరినది. చైత్రమాసమున నిచ్చటి శ్రీ లక్ష్మీనరసింహస్వామి జాతరకు జుట్టుపట్ల పల్లెలనుండి జనులు వత్తురు. ఆ దినములందే కాదు, నిత్యమును బడికి, పొలమునకు, అంగడికి బోవు స్త్రీలును బిడ్డలును ఈ బాటలనే నడచుచుందురు.

గ్రామసమీపమున హైదరాబాదునుండి కరీంనగరునకు బోవు రాజీవ్ రహదారి కలదు. నడిమి గట్టునకు ఒక ప్రక్కనున్న బాటను దాటుటకు సాధారణపు నడకతో సుమారు ఆరు సెకనులు పట్టును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ ఆ ఆరు సెకనులలో నూరు మీటర్లు వచ్చును. 80 కిలోమీటర్లయినచో 130 మీటర్లు మించును. కావున "దూరముననే యున్నది గదా" యని యడుగు వేయరాదు. ఒక సగము దాటి, గట్టుపై నిలిచి, రెండవవైపు చూచి మరల దాటవలెను. బిడ్డను వ్రేలుపట్టి కాక మణికట్టుపట్టి నడిపింపవలెను.

కాలిబాట లేనిచోట నడచువారు కుడిప్రక్కన నడచుట మేలు. ఎదురుగ వచ్చు బండి కంటబడును. సైకిలెక్కినవారు మాత్రము ఎడమప్రక్కనే పోవలెను. ఎదురుబడి పోయినచో రెండు వేగములును గలసి, తప్పుకొనుటకు వ్యవధి యుండదు. చీరచెరగును, చున్నీని నడుమున దోపుకొనవలెను. మోటారు సైకిలు వెనుక చక్రమునకు సగమునకు దక్కువగాకుండ కప్పు ఉండవలెనని 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నియమములు విధించుచున్నవి, దానిని ఊడదీయనీయకుడు.

కోతలకాలమున మన యిండ్లవారే రోడ్డుపై వడ్లారబోసి, చుట్టును రాళ్లు పేర్చి, రాత్రి నల్లని పట్టాలు కప్పుదురు. కల్లము లేని రైతు కష్టము మనమెరుగనిది కాదు. కాని చీకటిలో ఆ రాతిని ఢీకొని పడువాడును ఒక తల్లి బిడ్డయే. వేరు తావు దొరికినచో బాటను విడుచుటయే యుత్తమము. దొరకనిచో, ప్రొద్దు గ్రుంకకముందే రాళ్లు తీయించి, ధాన్యమును బాటనుండి తొలగింపజేయుట గృహిణి పని.

ఎవరైన గాయపడినచో 108కి ఫోను చేయుడు. తెలుగునాట ఈ సేవ 2005వ సంవత్సరమున ఆరంభమయినది. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ, సద్బుద్ధితో సాయపడినవారికి రక్షణ యొసగినది; వారిని పేరు చెప్పుమని నిర్బంధింపరాదు. కావున కేసుభయముతో వెనుదీయ బనిలేదు.

ఒక ప్రమాదవార్త విన్నంతనే కొందరు ఆడుపిల్ల సైకిలును మూలకుజేర్చి, చదువును గూడ మానిపింతురు. బాటలోని దోషమునకు బాలికను శిక్షించుట న్యాయమా? ఆమెకు బ్రేకులు సరిచూచుకొనుట, గంట మ్రోగించుట, చీకటివేళ దీపముతో బోవుట నేర్పుడు. పిమ్మట ధైర్యముగ సాగనంపుడు.