చూరు నీళ్ళు ఎటు పోతాయి?



రెండు నెలలుగా ఆదివారం ఆరాధన అయ్యాక మీలో చాలామంది మా పెరట్లోకి వచ్చి కొత్త షెడ్డు చూసి వెళ్తున్నారు. చూసిన ప్రతివారూ ఒకటే అడుగుతున్నారు. "అయ్యగారూ, 10 అడుగుల వెడల్పు అన్నారుగా, 8 అడుగులే ఉందేంటి? కుర్చీలకు చోటేదీ?" ఇద్దరు ముగ్గురికి ఏదో చెప్పి దాటవేశాను. అది సరికాదు. ఆ షెడ్డులో మీ కానుకలున్నాయి, కూలి డబ్బుల్లోంచి తీసి ఇచ్చిన నూరు రూపాయల నోట్లున్నాయి. మీకు లెక్క చెప్పాలి. ఆ లెక్కలో నా తప్పు ఒకటుంది. అదీ చెప్పాలి.

షెడ్డు ఎందుకు కావాల్సి వచ్చిందో మీకు తెలుసు. మన సంఘపు వ్యాను పాత మారుతి ఓమ్నీ. ఎండకూ వానకూ వీధిలో వేపచెట్టు కిందే ఉండేది. మన వీధి 12 అడుగులే కాబట్టి కోతల రోజుల్లో ట్రాక్టరు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు తలుపు కొట్టి నన్ను లేపేవారు. వాళ్ళ తప్పేమీ లేదు, అడ్డం పెట్టింది మనం. తర్వాత ఎలుకలు బండిలో చేరి వైర్లు కొరికాయి. ఒక రాత్రి మన చెల్లెమ్మ ఒకరికి నొప్పులు మొదలైతే నేను తాళం తిప్పితే బండి కదల్లేదు. ఆటో దొరికేసరికి అరగంట పట్టింది. దేవుని కృపను బట్టి తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. కానీ ఆ అరగంట నేను మరచిపోలేదు. ఆ వారమే సంఘ పెద్దలు కూర్చుని పెరట్లో షెడ్డు కట్టాలని తీర్మానించారు.

మా స్థలం 40 అడుగులకు 60 అడుగులు, అయిదున్నర సెంట్లు. ముందు ఇల్లు, వెనక 18 అడుగుల పెరడు. తూర్పు పక్కన 9 అడుగుల సందు ఉంది, బండి వెనక్కి వెళ్ళాలంటే అదొక్కటే దారి. పడమటి మూల బోరు ఉంది, ఆ పక్కగా కరెంటు లైను వెళ్తుంది. ఇళ్ళకు కరెంటు ఇచ్చే అలాంటి లైనుకూ కట్టడానికీ మధ్య పక్కగా కనీసం 1.2 మీటర్లు ఖాళీ ఉండాలి. అంటే అటు కట్టలేం. మిగిలింది తూర్పు మూల, మామ్మగారి హద్దు వైపు.

లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన మాట మీద నేను చాలాసార్లు వాక్యం చెప్పాను. కాబట్టి నేనూ కూర్చున్నాను. పెన్సిలు పెట్టి గీశాను, సిమెంటు, ఇటుక, రేకులు, ఇనుప గొట్టాలు, వెల్డింగు, కూలి అన్నీ కలిపి కూడాను. లెక్క బాగానే వచ్చింది. వెడల్పు 10 అడుగులు, పొడవు 16 అడుగులు. ఒక పక్క బండి, రెండో పక్క మన ప్లాస్టిక్ కుర్చీలు, చాపలు, మైకు సెట్టు, క్రిస్మస్ స్టార్లు. అయితే అదంతా పట్టాలంటే తూర్పు గోడ సరిగ్గా హద్దు మీదికి రావాలి.

గ్రామ సచివాలయానికి వెళ్ళి అడిగాను. పక్క హద్దు నుంచి 1 మీటరు వదలాలి, మీ ఇంటి ప్లానులో కూడా అలాగే ఉంది చూడండి అని చెప్పారు. తిరిగి వస్తుంటే దారిలో మన సహోదరుడు ఒకరు, మంచి మనసుతోనే, "రేకుల షెడ్డుకు కూడా మీటర్లేంటి అయ్యగారూ? మీరు కట్టుకుంటే ఎవరడుగుతారు?" అన్నారు.

ఆ మాట నాకు తియ్యగా అనిపించింది. ఎవరడుగుతారు? నిజమే, పాస్టరు గారిని ఎవరడుగుతారు? పైగా ఇది నా కోసమా, దేవుని పని కోసం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ప్రియులారా, దేవుని పని అనే మాటను మనం ఎన్ని చోట్ల అడ్డం పెట్టుకుంటామో ఆ రోజు నాకు నేను కనబడ్డాను. కానీ వెంటనే కాదు.

మే నెల రెండో వారంలో ముగ్గు పోసి పునాది తవ్వించాను. హద్దు గోడను ఆనుకునే తవ్వించాను. తూర్పు వైపు కాలువలో కాంక్రీటు పరుపు కూడా వేయించాను. మామ్మగారు తన పెరట్లో వడియాలు ఎండబెట్టుకుంటూ అదంతా చూస్తూనే ఉన్నారు. ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి ఆమెకు అభ్యంతరం లేదని రాసేసుకున్నాను.

మరునాడు గొట్టాలు కోయడానికి ముందు మేస్త్రి కొలతలు చూసుకుంటూ అడిగాడు. "అయ్యగారూ, చూరు నీళ్ళు ఎటు పోతాయి?"

మేస్త్రి మన సంఘస్తుడు కాదు. అతను వాక్యం చెప్పలేదు, పని అడిగాడు. రేకు పల్లం ఎటు పెట్టమంటారు అని. నేను కాగితం చూపించాను. పల్లం తూర్పుకే గీసి ఉంది. ఎందుకంటే పడమటికి వాలిస్తే నీళ్ళు మా బోరు దగ్గర, బట్టలుతికే రాయి దగ్గర పడి బురదవుతుంది. తూర్పుకైతే మాకు ఇబ్బంది లేదు. మేస్త్రి కాగితం చూశాడు, గోడ అవతలికి చూశాడు, "అటు మామ్మగారి పెరడు కదండీ" అన్నాడు. అంతే.

ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. కూర్చుని మళ్ళీ లెక్క వేశాను, ఈసారి వేరే లెక్క. 10 అడుగులకు 16 అడుగుల రేకు అంటే సుమారు 15 చదరపు మీటర్లు. తుఫాను రోజు 50 మిల్లీమీటర్ల వాన కురిసిందంటే ఆ రేకు మీద నుంచి 740 లీటర్ల దాకా నీళ్ళు జారతాయి. 15 లీటర్ల బిందెతో కొలిస్తే దాదాపు యాభై బిందెలు. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ గోడ మొదట్లో, ఒక్క వానకు, నేను యాభై బిందెలు కుమ్మరించబోతున్నాను. గోపురం కట్టేవాడు లెక్క చూసుకోవాలని చెప్పిన నేను నా ఖర్చు మాత్రమే కూడుకున్నాను. పక్కింటి మీద పడే ఖర్చు కాగితం మీదికి రానేలేదు.

సాయంత్రం నా భార్యను తీసుకుని మామ్మగారి ఇంటికి వెళ్ళాను. ఆమె వంటింటి కిటికీ దగ్గర పీట వేసుకుని చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. ఆ కిటికీ పడమటి వైపుది, మా పెరట్లోకే చూస్తుంది. కంటి ఆపరేషన్ అయ్యాక లైటు వెలుగులో రాళ్ళు కనబడవట, పొద్దువాలే ఎండలోనే ఏరుకుంటారట. ఇన్నేళ్ళ పొరుగులో నాకు ఆ సంగతి తెలియదు. ఆ గోడ లేచి ఉంటే ఆమె చేటలోకి ఆ వెలుగు వచ్చేది కాదు.

"మామ్మగారూ, గోడ సంగతి మీతో ముందే మాట్లాడాల్సింది. తప్పయింది" అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టి, "నువ్వు దేవుడి మనిషివి బాబూ, నిన్ను నేనేం అంటాను?" అన్నారు.

అది మెప్పు అనుకుంటారేమో. నాకు మాత్రం కొరడా దెబ్బలా తగిలింది. నా పిలుపును చూసి ఆమె నోరు మూసుకున్నారు. నేను ఇంకొకడినైతే గోడ మీద నుంచి నాలుగు మాటలు అడిగేవారు. అలా అడగడం ఆమె హక్కు. నా చేతిలోని బైబిలు ఆ హక్కును లాగేసుకుంది.

కాసేపాగి ఆమె ఇంకో మాట చెప్పారు. "మా ఆయన ఈ ఇల్లు కట్టినప్పుడు అటు పక్కన ఎవరూ లేరు. అంతా జిల్లేడు చెట్లే. అయినా హద్దుకు మూడడుగులు ఇవతలే గోడ లేపాడు. ఎందుకండీ స్థలం దండగ అని నేనే పోట్లాడాను. ఎవరో ఒకరు వస్తారులేవే, వాళ్ళకి గాలి ఉండొద్దూ అన్నాడు."

ఆ వచ్చినవాళ్ళం మేమే. ఇన్ని వేసవికాలాలు మా వంటింట్లోకి వచ్చిన తూర్పు గాలి ఆయన వదిలిన మూడడుగుల్లోంచి వచ్చింది. ఏ పంచాయతీ కాగితమూ చూడకుండా, ఇంకా రాని పొరుగువాడి కోసం ఆయన తన స్థలం వదిలాడు. నేనైతే ఎదురుగా కూర్చుని వడియాలు పెట్టుకుంటున్న పొరుగామె కోసం, కాగితం మీద రాసి ఉన్న మీటరు కూడా వదల్లేదు.

ఇంటికి వచ్చి ద్వితీయోపదేశకాండము తెరిచాను. హద్దురాయి జరపకూడదన్న 19వ అధ్యాయం 14వ వచనం నాకు కంఠతా వచ్చు. రాయి జరపలేదు కదా అని ధైర్యంగా ఉన్నాను. కానీ ఆ రాత్రి 22వ అధ్యాయం 8వ వచనం దగ్గర ఆగిపోయాను. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడినప్పుడు ఆ రక్తం ఆ ఇంటి మీదికి వస్తుంది అని దేవుడు చెప్పిన చోటు అది. ఇశ్రాయేలీయుల మిద్దెలు సమంగా ఉండేవి. రాహాబు వేగులవారిని దాచింది మిద్దె మీదే, పేతురు ప్రార్థన చేసుకోవడానికి ఎక్కింది మిద్దె మీదికే. మనుషులు తిరిగే చోటు కాబట్టి పిట్టగోడ కావాలి.

ఇది కట్టడపు నిబంధన కాక మరేమిటి? ఇటుక ఖర్చు ఇంటివాడిది, కాపాడేది మాత్రం ఎప్పుడో వచ్చే అతిథిని, పేరు తెలియని మనిషిని. ధర్మశాస్త్రంలో ఆ మాట చదివి దేవుని ప్రేమ అని ప్రసంగిస్తాం. అదే మాట మీటర్లలో రాసి సచివాలయంలో చేతికిస్తే తలనొప్పి అంటాం. ప్రేమ పొరుగువాడికి హాని చేయదు కాబట్టి అదే ధర్మశాస్త్రానికి నెరవేర్పు అని పౌలు రోమీయులకు రాసిన మాట (13:10) ఇలాంటి ఒక మీటరు దగ్గరే తేలిపోతుందని నాకు ఆ రాత్రి అర్థమైంది.

మరునాడు పొద్దున్నే మేస్త్రితో చెప్పాను, తూర్పు కాలువ పూడ్చేసి 1 మీటరు ఇవతల కొత్తగా తవ్వమని. షెడ్డు 8 అడుగులకు 14 అడుగులు అయింది. బండికి అది చాలు. ఓమ్నీ పొడవు 11 అడుగులు, వెడల్పు నాలుగున్నర అడుగులకు కాస్త పైన. వెనక తలుపు పక్కకు జరిగేదే కాబట్టి లోపల ఇరుకనిపించదు. సందులో మాత్రం ఇంటి గోడ వైపు పట్టి జాగ్రత్తగా నడపాలి.

పల్లం పడమటికి మార్చేద్దామా అన్నాను. మేస్త్రి వద్దన్నాడు. "అలా చేస్తే తూర్పు గోడ ఎత్తు పెరుగుద్ది, మామ్మగారికి వెలుతురు తగ్గుద్ది. పల్లం తూర్పుకే ఉంచుదాం, గోడ ఆరున్నర అడుగుల దగ్గర ఆపేద్దాం. నీళ్ళకు గట్టరు పెట్టి మీ పెరట్లోకే తిప్పుకుందాం" అన్నాడు. అలాగే చేశాం. గట్టరు గొట్టం కొబ్బరిచెట్టు పక్కన ఇంకుడు గుంతలోకి దిగుతుంది. అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆపైన ఇసుక.

ఇక డబ్బు లెక్క. పూడ్చినందుకు, మళ్ళీ తవ్వినందుకు, వృథా అయిన సిమెంటుకు 6,800 రూపాయలు అదనంగా అయ్యాయి. అది మీ కానుకల్లోంచి తీయలేదు. తప్పు నాది, ఖర్చూ నాదే. పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు.

పెద్దల్లో ఇద్దరికి ఇంకా మనసు కుదుటపడలేదు. కుర్చీల కోసమని ప్రత్యేకంగా కానుక ఇచ్చినవారు వాళ్ళు. వాళ్ళ బాధ న్యాయమైనదే. వాళ్ళతో మాట్లాడకుండా కొలత మార్చాను, అది కూడా నా తొందరపాటే. మామ్మగారిని అడగకపోవడం తప్పని తెలుసుకున్న మరునాడే వాళ్ళను అడగడం మరిచాను. వారిద్దరినీ ఇక్కడ అందరి ముందూ క్షమించమని అడుగుతున్నాను.

జూన్‌లో మొదటి గట్టి వాన రాత్రిపూట వచ్చింది. టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్ళి చూశాను. గట్టరు నిండుగా పారుతోంది, ఇంకుడు గుంత తాగుతోంది. గోడ అవతల మామ్మగారి వాకిలి పొడిగా ఉందని చెప్పను, వాన ఆమె వాకిట్లోనూ కురుస్తోంది. కానీ అక్కడ పడుతున్నది ఆమె వాటా వానే, నాది కాదు.

ప్రియులారా, ఈ వారం మీలో ఎవరైనా ప్రహరీ లేపుతుండవచ్చు, మెట్లు వీధిలోకి దించుతుండవచ్చు, బాత్రూము నీళ్ళకు దారి చూస్తుండవచ్చు, పొలం గట్టు చెక్కుతుండవచ్చు. ప్రార్థన చేసి మొదలుపెట్టండి. మొదలుపెట్టే ముందు మేస్త్రి అడిగిన ప్రశ్న కూడా ఒకసారి అడుక్కోండి. మీ చూరు నీళ్ళు ఎటు పోతాయి? పక్కవాళ్ళు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు అనుకోకండి. తలుపు తట్టి అడగండి.

కుర్చీలు, మైకు సెట్టు ఇంకా మా వరండాలోనే ఉన్నాయి. వచ్చే ఆదివారం మా ఇంటికి వచ్చినవారు కాస్త పక్కకు ఒదిగి లోపలికి రావాలి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, నీ పని పేరు చెప్పి పొరుగువారి వెలుగును మూయబోయిన నన్ను క్షమించుము. మేము కట్టు ప్రతి గోడ దగ్గర, అవతల ఉన్నవారిని చూచు కన్నులు మాకు దయచేయుము. మాకంటే ముందుగా మా కొరకు చోటు విడిచినవారిని బట్టి నీకు స్తోత్రములు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.