గాలిలో ఉన్నంతసేపు

కువైత్ నుంచి సెలవు మీద కడపకు వచ్చిన మూడవ రోజు అది. మగ్రిబ్ నమాజు ముగించుకుని ఇంట్లో అడుగుపెట్టేసరికి మా అబ్బాయి ఫోన్‌లో మునిగిపోయి ఉన్నాడు. సలాం చెప్పాను. జవాబు వచ్చింది గాని, తల పైకి లేవలేదు. రెండేళ్ల తర్వాత కలిసిన బిడ్డను వచ్చీరాగానే మందలించడానికి మనసొప్పక, వెళ్లి పక్కన కూర్చున్నాను.

వాడు ఆడుతున్నది ‘ఫైనల్ ఫాంటసీ’ నాలుగవ భాగం. జపాన్‌లో స్క్వేర్ అనే సంస్థ 1991లో తెచ్చిన ఆట. ఇప్పుడు ఫోన్లలోకీ వచ్చింది. (అందులోని మంత్రతంత్రాల గురించి వాడితో మాట్లాడవలసి ఉండింది, మాట్లాడాను, అది వేరే సంగతి.) అందులో కెయిన్ అనే బల్లెం వీరుడున్నాడు. అతని ప్రత్యేక విద్య పేరు ‘జంప్’. ఆజ్ఞ ఇవ్వగానే పైకెగిరి తెర మీద నుంచే మాయమవుతాడు. కాసేపు ఏ శత్రువు దెబ్బా అతనికి తగలదు. ఆ తర్వాత నిట్టనిలువుగా దిగి, మామూలు పోటు కంటే బలంగా పొడుస్తాడు.

“మరి ఎప్పుడూ ఇదే వాడవచ్చు గదా, బేటా?” అన్నాను.

వాడు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. “పైనున్నవాడికి తగలదు అబ్బా. ఆ దెబ్బలన్నీ కిందివాళ్లకే పడతాయి. ఉండేది అయిదుగురు, వాడు ఎగిరితే నలుగురే మిగులుతారు. వాళ్లలో ఎవరైనా పడిపోతున్నా వాడు ఆదుకోలేడు. మనం మందిద్దామన్నా వాడికి అందదు.”

నిరుడు రమజాన్‌లో మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆటో పిలిచిందీ, ఆసుపత్రిలో కాగితాల మీద సంతకం పెట్టిందీ నా భార్య. రాత్రుళ్లు మంచం పక్కన మేలుకొని ఉన్నది ఈ పదమూడేళ్ల వాడు. నాకు ఈద్ వెళ్లిన తర్వాత గాని చెప్పలేదు. నేను పంపిన డబ్బు సమయానికి అందిందని మాత్రం అందరూ పదే పదే చెప్పారు.

కెయిన్ కథ కూడా వాడే చెప్పాడు. ప్రాణమిత్రుడు సెసిల్‌కు ద్రోహం చేస్తాడట. చేయించింది పరుల మాయే అయినా, దానికి తలుపు తెరిచింది అతని అసూయ. యుద్ధం ముగిశాక మిత్రుని పట్టాభిషేకానికి సైతం రాకుండా, ఒంటరిగా ఒక కొండ మీదికి వెళ్లిపోతాడు. మావాడికి ఇది బొత్తిగా నచ్చలేదు. “తప్పు ఎవరి పట్ల చేశాడో వాళ్ల దగ్గరికి వెళ్లాలి గదా అబ్బా! మళ్లీ పైకెక్కి కూర్చుంటే ఎట్లా?” అన్నాడు. దాసుల హక్కుల గురించి మదరసాలో విన్న పాఠం కాబోలు.

ఇషా అజాన్ వినబడింది. చెప్పకుండానే ఫోన్ పక్కన పెట్టి వుజూకు లేచాడు.

ఆ రాత్రి తిరుగు టికెట్ సంగతి నా భార్య దగ్గర ఎత్తాను. ఈసారి వెళ్లకపోతే ఏమవుతుందని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, ఇంటి ఖర్చులు రాసుకునే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.