బండిని మోసే బండి

రాత్రి పదకొండు దాటింది. నల్గొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో, మాడుగులపల్లి దగ్గర ఓ ప్యాసింజర్ ఆటో ఆగిపోయింది. ఎంత తన్నినా కదలదు. పక్కనే మూసి ఉన్న మెకానిక్ షెడ్డు. దాని షట్టరు మీద సుద్దముక్కతో రాసిన ఓ ఫోన్ నంబరు.

‘అన్నా, గేరు పడ్తలేదు. మిర్యాలగూడ దాకా ఏసుకపోతవా?’

‘ఆడ్నే ఉండు తమ్మీ. బండిని రోడ్డు మీదికెల్లి పక్కకు నూకు. లైట్లు మాత్రం బంద్ చెయ్యకు. వస్తున్న.’

అరగంటలో పికప్ వస్తుంది. వెనక డోరు కిందికి దిగుతుంది. రెండు చెక్క పలకలు పడతాయి. ముందు నుంచి ఒకరు హ్యాండిల్ పట్టుకుంటే, వెనక నుంచి ఇద్దరు నెడతారు. పొద్దున్నే బడి పిల్లల్ని ఎక్కించుకోవాల్సిన ఆటో, తానే ఇంకో బండి ఎక్కి కూర్చుంటుంది!

మాడుగులపల్లి పెద్ద ఊరేం కాదు. 2016 దసరా నాడు రాష్ట్రంలో కొత్త జిల్లాలు పుట్టినప్పుడే ఇదీ కొత్త మండలమైంది. కానీ ఊరి పేరు చాలా దూరాలకు తెలుసు. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీది నార్కట్‌పల్లి దగ్గర చీలి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా అద్దంకి వైపు సాగే దారి ఇది. పొడవు 212 కిలోమీటర్లు. చెన్నై వెళ్లే లారీలకు దగ్గరి దోవ. నాలుగు వరసలు చేశాక ఇక్కడ టోల్‌ప్లాజా కూడా వెలిసింది. దాంతో ఊళ్లో దిగని డ్రైవరుకీ ఊరి పేరు నోటికొచ్చింది. ఇన్ని బండ్లు తిరిగే చోట ఆగిపోయేవీ ఉంటాయి కదా. ఆ ఆగిపోయేవే ఇక్కడ కొందరికి బతుకుదెరువు.

ఒకప్పుడు ఇలాంటి పనికి ట్రాక్టరు ట్రాలీనో, ఊరి వైపు వచ్చే ఖాళీ లారీనో బతిమాలుకోవాలి. 2005 మేలో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజిను, ముప్పావు టన్ను లోడు, ధర అప్పట్లో సుమారు రెండుంపావు లక్షలు. ‘ఛోటా హాథీ’ అన్నారు దాన్ని. మనవాళ్లు ‘ట్రాలీ ఆటో’ అనేశారు. అప్పటిదాకా ఒకరి లారీకి డ్రైవరుగా ఉన్నవాడు ఓనరు కావొచ్చన్న ఆశ పుట్టింది ఆ బండితోనే. వెనకే బొలెరో పికప్‌లు, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ దారిపట్టాయి. నల్గొండ రోడ్ల మీద నిలబడి నంబరు ప్లేట్లు చూస్తే ఏ బండి ఏ కాలంలో కొన్నదో చెప్పొచ్చు. ఏపీ 24 అయితే ఉమ్మడి రాష్ట్రం నాటిది, టీఎస్ 05 అయితే 2014 తర్వాతిది, టీజీ 05 అయితే 2024 మార్చి తర్వాతిది. సూర్యాపేట జిల్లా బండ్లకేమో 29 వచ్చింది.

ఇంతకీ పికప్ ఏ బండిని మోయగలదు? మామూలు మోటార్ సైకిల్ 110 నుంచి 125 కిలోలు. మూడు నాలుగు బైకులంటే ఏస్‌కు ఇబ్బంది లేదు, అవి పట్టే చోటు చూసుకోవాలంతే. ప్యాసింజర్ ఆటో మూడున్నర నుంచి నాలుగు వందల కిలోలుంటుంది. తొమ్మిది అడుగుల తొట్టి ఉన్న పికప్‌లో దర్జాగా కూర్చుంటుంది. చిక్కంతా కారుతోనే. చిన్న కార్లలోనూ చాలావాటి పొడవు పదకొండు అడుగులు దాటుతుంది. ‘ఎట్లనో ఒగట్ల ఎక్కియ్యన్నా, రెండు వేలు ఎక్కువ ఇస్తా’ అంటాడు కారాయన. కిస్తీ గడువు దగ్గరపడినప్పుడు ఆ మాట చెవికి ఇంపుగా ఉంటుంది! సగం కారు వెనక వేలాడుతుంటే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు మాట వినదు. అలాంటి కిరాయికి తల అడ్డంగా ఊపగలగడం ఈ వ్యాపారంలో మొదటి చదువు. తాడుతో లాక్కుపోదామన్నా హద్దులున్నాయి. 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే రెండు బండ్ల మధ్య ఐదు మీటర్లకు మించి ఎడం ఉండకూడదనీ, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదనీ రాశారు.

ఇక వరికోతలు మొదలైతే ఈ దారి తీరే మారిపోతుంది. సాగర్ ఎడమ కాలువ కింద పొలాలు పండగానే కోత మిషన్లు దిగుతాయి. టైర్ల మిషను రోడ్డు మీద తనంతట తానే నడుస్తుంది. బురదలో దిగే చైను మిషను మాత్రం తారు రోడ్డు ఎక్కలేదు, డీసీఎంలోనో లారీలోనో ఊరేగాల్సిందే. అది పికప్ మోసే బరువు కాదు. కానీ దాని విడిభాగాలు, డీజిల్ డబ్బాలు, వెంట ఉండే మెకానిక్ బైకు... ఇవన్నీ పికప్ కిరాయిలే. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు వచ్చే రోడ్డు మీదా ఆ నెలన్నర అదే సందడి.

లెక్క ఎక్కడ తేలుతుంది?

బండి కొనాలనుకునే కుర్రాడికి ముందు వచ్చే భయం కాగితాలది. నిజానికి అవి మునుపటంత కష్టం కాదు. కారు నడిపే లైట్ మోటార్ వెహికిల్ లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు సరకు బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అది సరైందేనా అన్న మీమాంస ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు వెళ్లింది. 2024 నవంబరు 6న ఆ ధర్మాసనం కూడా అదే మాట ఖాయం చేసింది. లోడుతో కలిపి 3,000 కిలోలు దాటని సరకు బండికి పర్మిట్ అక్కర్లేదని మోటారు వాహనాల చట్టమే అంటోంది. ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. పెట్టుబడికి ముద్రా రుణం ఉంది.

అసలు భయపడాల్సింది నెల లెక్కకు. ఏడు లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే కిస్తీ 15,220 రూపాయల దాకా వస్తుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన పట్టికలో ఇలాంటి కిరాయి బండికి థర్డ్ పార్టీ బీమాయే ఏడాదికి 16,049 రూపాయలు. రెండూ కలిపి చూస్తే, తాళం తిప్పకముందే రోజుకు 550 రూపాయలు బాకీ!

అందుకే ‘పోవుడు కిరాయి’ ఎంతన్నది కొత్తవాడి ప్రశ్న. ‘వచ్చుడు’ సంగతేమిటన్నది పాతవాడిది. హైదరాబాద్‌లో చదువు ముగించుకున్న పిల్లాడి బైకు, మంచం, బీరువా తేవాలి. రానూపోనూ 250 కిలోమీటర్లు, లీటరుకు పన్నెండున్నర వస్తుందనుకుంటే ఇరవై లీటర్లు. లీటరు 95 చొప్పున 1,900 రూపాయలు. అందులో సగం ఖాళీ తొట్టికి పోసినట్టే. వెళ్లేటప్పుడు మిర్యాలగూడ మిల్లు నుంచి నాలుగు బియ్యం బస్తాలు దొరికితే ఆ సగం వెనక్కి వస్తుంది. మిల్లు గుమాస్తాతో స్నేహం ఇక్కడ ఇంజిన్ ఆయిలంత అవసరం.

అన్నిటికన్నా పెద్దది కట్టే పని. తాడు హ్యాండిల్‌కు కట్టి లాగితే ఫోర్కు వంగుతుంది, గార్డుకు కడితే విరుగుతుంది. బైకైతే సీటు కింద ఫ్రేముకు, ఆటో అయితే ఇరుసుకు, రెండు వైపులా సమంగా బిగించాలి. తాడు రాసుకునే చోట పాత ట్యూబు ముక్క పెట్టాలి. పది కిలోమీటర్లు వెళ్లాక ఆగి మళ్లీ బిగించాలి. ఎందుకంటే పికప్‌కు కట్టిన బీమా పికప్‌కూ, అది గుద్దినవాళ్లకూ వర్తిస్తుంది. పైన ఎక్కించిన బండికి కాదు. దానికి వేరే బీమా ఉంది గానీ, చిన్న ఓనర్లు దాని జోలికి పోవడం అరుదు. కట్టు జారితే నష్టం ఇద్దరు పేదవాళ్ల మధ్య పంచాయితీగా మిగులుతుంది.

ఈ పని పుట్టిందీ అలాంటి తిప్పల్లోంచే. అమెరికాలో టెనెసీ రాష్ట్రపు చటనూగాలో ఎర్నెస్ట్ హోమ్స్ అనే మెకానిక్ ఉండేవాడు. వాగులో పడిన మిత్రుడి కారును తాళ్లతో గంటల తరబడి లాగాల్సి వచ్చింది. విసిగిపోయి 1916లో తన పాత కాడిలాక్ మీద మూడు స్తంభాలు నిలిపి, కప్పీ, గొలుసు వేలాడదీశాడు. ప్రపంచంలో తొలి టో ట్రక్కు అదేనంటారు. ఇప్పుడక్కడ పికప్ వెనక పొడవాటి ట్రైలరు తగిలించి కార్లు మోస్తూ సొంత వ్యాపారం చేసుకునేవాళ్లున్నారు. మన దగ్గర ట్రైలరు లేదు, తొట్టే దిక్కు.

తెల్లవారుజామున మిర్యాలగూడ షెడ్డు ముందు ఆటో దిగింది. గేరుబాక్సు విప్పాలట, సాయంత్రమవుతుందట. ఆటో అతను జేబులోంచి నోట్లు తీసి రెండుసార్లు లెక్కపెట్టాడు. ‘మున్నూరు తక్కువున్నయన్నా.’

‘సరే తీ. బండి నడిచినంక ఇయ్యి.’

పలకలు తొట్టిలోకి ఎక్కాయి. పికప్ మిల్లుల వైపు తిరిగింది. తిప్పర్తిలో బర్రెలున్న ఆసామికి తవుడు బస్తాలు కావాలని నిన్ననే ఫోనొచ్చింది. మిల్లు గేటు ఏడింటికి గానీ తీయరు. అప్పటిదాకా సీటు వెనక్కి వాల్చుకుని కాసేపు కునుకు.